బడి ఎంత దూరం? ఏ బడి దూరం?

మే 1న, మహారాష్ట్ర దినం నాడు, మా షోలాపూర్‌లో బళ్ళు పిల్లల చేతికి ఫలితాల కాగితాలు ఇస్తాయి. ఆ మర్నాటి నుంచే మా సంఘం ఆఫీసుకు తల్లిదండ్రుల రాక మొదలవుతుంది. మార్కుల గురించి ఎవరూ రారు. వచ్చేది దాఖలా కోసం. తెలుగు బడి నుంచి పిల్లను తీసి వేరే బడిలో వెయ్యాలి, అర్జీ మరాఠీలో రాసిపెట్టండి అని అడుగుతారు. మేము రాసిపెడతాం. రాసేటప్పుడు ఒక చోట ఆగుతాం. 'బడి విడిచే కారణం' అని ఒక గడి ఉంటుంది. అందులో ఏం రాయమంటారు అంటే అందరి జవాబూ ఒకటే, 'ఇల్లు మారినం'.

గుమాస్తాగిరీలో ముప్ఫై ఏళ్ళకు పైగా గడిపిన చెయ్యి కాబట్టి ఆ గడి విలువ మాకు తెలుసు. రేపు ఎవరైనా అధికారి తెలుగు బళ్ళలో పిల్లలు ఎందుకు తగ్గారని ఫైలు తెప్పిస్తే, ఆ గడిలో ఉన్నదే నిజమవుతుంది. ఇల్లు మారారు, అంతే. ఇల్లు మారాక బడికి వచ్చే బస్సు లేదని, ఆటో కిరాయి మోయలేకపోయారని ఏ రిజిస్టరులోనూ ఉండదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాం. కర్ణాటకలోనో, ఒడిశాలోనో, తమిళనాడులోనో ఉన్న మన పాఠకులకు ఊళ్ళ పేర్లు మారినా విషయం మారదని మా అనుమానం.

ముందే ఒక మాట. మా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో ఏ ఆఫీసు, ఏ బడి, ఏ మనిషి అన్నది ఇక్కడ రాయడం లేదు. ఆ పిల్లలు ఇంకా ఆ బళ్ళలోనే చదువుతున్నారు. చట్టాలు, ప్రభుత్వ నిర్ణయాలు మాత్రం పేర్లు, తేదీలతోనే చెబుతాం.

షోలాపూర్ తెలియని వారికి కొంచెం వివరం. ఊరి తూర్పు భాగం, అంటే సాఖర్ పేట, జోడ్‌భావి పేట, కన్నా చౌక్, అశోక్ చౌక్ చుట్టుపక్కల తరతరాలుగా మనవాళ్ళ బతుకు. మగ్గాలు, తర్వాత పవర్‌లూమ్‌లు, ఆడవాళ్ళకు బీడీలు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన పద్మశాలీలే ఎక్కువ. ఆ పేటల్లోనే తెలుగు బళ్ళు పుట్టాయి. మునిసిపల్ కార్పొరేషన్ మరాఠీ, ఉర్దూ, కన్నడ బళ్ళతోపాటు తెలుగు బళ్ళూ నడుపుతూ వచ్చింది. ఒకప్పుడు బడికి వెళ్ళడమంటే సందు దాటడమే. పిల్ల ఏడుస్తూ వెళ్ళినా తల్లికి ఇంట్లో కూర్చునే వినపడేది.

తర్వాత ఇళ్ళు కదిలాయి. 2006లో బీడీ కార్మిక మహిళలకు గోదూతాయి పరులేకర్ పేరిట 10,000 ఇళ్ళ కాలనీ అందింది. దాన్ని మేము విడి ఘర్‌కుల్ అంటాం. ఆ తర్వాత అసంఘటిత కార్మికుల కోసం 30,000 ఇళ్ళ రాయ్‌నగర్ మొదలైంది. అందులో 15,000 ఇళ్ళను 2024 జనవరి 19న ప్రధానమంత్రి వచ్చి అప్పగించారు. రెండూ అక్కల్‌కోట రోడ్డు వైపు, కుంభారి దగ్గర. ఒక్క గదిలో ఏడుగురు పడుకున్న కుటుంబాలకు సొంత తలుపు, సొంత తాళం వచ్చాయి. ఆ ఇళ్ళ కోసం ఏళ్ళ తరబడి ఊరేగింపుల్లో నడిచిన ఆడవాళ్ళను మేము ఎరుగుదుం. ఆ పని చిన్నదని ఎవరన్నా ఒప్పుకోం.

అయితే కుంభారి కార్పొరేషన్ హద్దులో లేదు. 1992లో చుట్టుపక్కల పల్లెలు కలిసి ఊరి హద్దు పెరిగినప్పుడు కుంభారి కలవలేదు. అది దక్షిణ షోలాపూర్ తాలూకా, గ్రామ పంచాయతీ. ఈ ఒక్క గీత వల్ల ఎన్ని చిక్కులో చూడండి. పిల్ల ఉండేది పంచాయతీలో, అంటే ఆ పిల్ల చదువు బాధ్యత జిల్లా పరిషత్‌ది. వెళ్ళాలనుకునే తెలుగు బడి పేటలో, కార్పొరేషన్ విద్యా విభాగం కింద. సిటీ బస్సు కార్పొరేషన్ రవాణా విభాగానిది. ఎర్ర బస్సు రాష్ట్రానికి చెందిన ఎస్టీది. ఆటో మీద అదుపు ఆర్‌టీవో ఆఫీసుది. ఒక్క పిల్ల బడికి పోవడానికి ఐదు ఆఫీసులు కావాలి. 'ఇది మా పని కాదు' అనడానికి ఐదింటికీ కారణం ఉంది. అబద్ధం కూడా కాదు, నిజమైన కారణమే.

ఇద్దరు బిడ్డల తల్లి ఒకామె నిరుడు మా దగ్గరికి వచ్చింది. పెద్దది నాలుగో తరగతి, చిన్నది రెండో తరగతి. ఆమె మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాం. "కాకా, ఇల్లు మంచిగనే ఉంది. పొద్దుగాల బస్సు టైముకు రాదు. వీళ్ళను బడిల ఇడిచి మర్రి వచ్చేసరికి పదకొండైతది. ఆకు ఎప్పుడు తడపాలె, ఎప్పుడు కత్తిరియ్యాలె, బీడీలు ఎప్పుడు చుట్టాలె?" బీడీ పనికి గంటల లెక్క కూలి లేదు, చుట్టినన్నిటికే డబ్బు. కాబట్టి బడి దారిలో పోయిన గంట తిన్నగా కూలిలోంచి పోతుంది. బస్సు చార్జీ ఎంత అని ఆఫీసు అడుగుతుంది. తల్లి పోగొట్టుకునే కూలి ఎంత అని అడిగే గడి ఏ ఫారంలోనూ లేదు.

ఆమె అర్జీ మేమే రాశాం. పిల్లలకు రవాణా భత్యం ఇప్పించమని. ఇన్‌వర్డ్ నంబరు వేయించాం. రెండు నెలలకు జవాబు వచ్చింది, అదీ రెండుసార్లు తిరిగితే. 'ఇంటికి ఒక కిలోమీటరు లోపల ప్రాథమిక పాఠశాల అందుబాటులో ఉన్నందున సదరు విద్యార్థులు అర్హులు కారు.' ఒక్క వాక్యమే. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇంటికి దగ్గర్లో నిజంగానే ఒక బడి ఉంది, మరాఠీ బడి.

అసలు సంగతి ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాం.

2009 నాటి ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం ప్రకారం పిల్లలకు 'పొరుగున' బడి ఉండాలి. పొరుగు అంటే ఎంత అన్నది మహారాష్ట్ర 2011 నియమాల్లో రాసింది. 1 నుంచి 5 తరగతులకు ఒక కిలోమీటరు, 6 నుంచి 8కి మూడు కిలోమీటర్లు. ఆ దూరంలో బడి లేని చోట ప్రయాణ సౌకర్యం కల్పించాలి. సమగ్ర శిక్షా పథకం కింద అలాంటి పిల్లలకు ఏడాదికి ఒక్కొక్కరికి 6,000 రూపాయల వరకు రవాణా భత్యం ఇవ్వవచ్చు. పథకం కొత్త రూపంలో, 2021 నుంచి, హైస్కూలు పిల్లలకూ ఇది వర్తిస్తుంది. పది నెలల బడికి పంచితే నెలకు 600. ఆటో కిరాయికి అది సగం కూడా కాదని తల్లులంటారు. అయినా సున్నా కంటే నయం.

ఈ నియమాల్లో 'బడి' అనే మాట ఉంది. 'ఏ భాష బడి' అన్నది లేదు. కొలిచేవాడు ఇంటి నుంచి దగ్గరి బడికి కొలుస్తాడు. ఆ బడిలో పిల్లకు అర్థమయ్యే భాష ఉందా లేదా అన్నది అతని పని కాదు. టేపు మీద సెంటీమీటర్లు ఉంటాయి, భాషలు ఉండవు.

మరి భాష గురించి చట్టం ఏమీ చెప్పలేదా? చెప్పింది. అదే విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్‌లో, వీలైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలని ఉంది. అంతకు ముందే, 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలోకి 350ఎ అధికరణం వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రయత్నించాల్సింది ఎవరంటే, రాష్ట్రం, ఆ రాష్ట్రంలోని ప్రతి స్థానిక సంస్థ. స్థానిక సంస్థ అన్న మాట అందులోనే ఉంది. కార్పొరేషన్, జిల్లా పరిషత్ అంటే అవే కదా. మన సంఘాల్లో చాలామంది 350ఎ ఢిల్లీకి సంబంధించిన వ్యవహారం అనుకుంటారు. కాదు. అది మన వార్డు ఆఫీసు దాకా వస్తుంది.

'తగిన సౌకర్యాలు' అంటే బడి గోడలు, పంతులు, పుస్తకాలు మాత్రమేనా? ఆ బడికి చేరే దారి సౌకర్యంలోకి రాదా? వస్తుందనే మా వాదన. తాళం వేసిన గదిలో అన్నం పెట్టి, పెట్టాం కదా అన్నట్టుంటుంది లేకపోతే. ఈ మాటను ఏ కోర్టైనా ఇంతవరకు తేల్చిందా అని మమ్మల్ని అడగకండి, మేము వకీళ్ళం కాము. కానీ అర్జీలో ఆ వాదన రాయడానికి వకీలు అక్కర్లేదు.

ఇంకొక లెక్క ఉంది. పాత కార్యకర్తలకు కంఠతా వచ్చు, కొత్తవారికి తెలియదు. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రం ఒప్పుకుంది. ఒక బడిలో మొత్తం 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఆ భాష పిల్లలు ఉంటే ఆ భాషలో చెప్పే పంతులును ఇవ్వాలి. భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ నివేదికల్లో ఈ 10–40 లెక్క మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. మంచి సూత్రమే. కానీ అది పిల్లలంతా ఒకే పేటలో, బడి పక్కనే ఉన్న రోజుల్లో పుట్టిన లెక్క. ఈనాడు ఆ నలభై మందీ ఉన్నారు. పదిమంది పాత పేటలో, పదిహేను మంది విడి ఘర్‌కుల్‌లో, మిగతావాళ్ళు ఊరి నాలుగు మూలలా కొత్త ప్లాట్లలో. బడి దగ్గర లెక్కపెడితే పదిమందే. బస్సు ఉంటే నలభై, లేకపోతే పది. బస్సు లేక పిల్లలు తగ్గుతారు. తగ్గారని పంతులు పోస్టు పోతుంది. పంతులు లేడని మిగిలిన పదిమంది పోతారు. ఆ తర్వాత 'డిమాండు లేదు' అని టిప్పణి రాస్తారు. అలాంటి టిప్పణులు మేమూ మా ఉద్యోగంలో, వేరే విషయాల మీద, ఎన్నో టైపు చేశాం. అందుకే దాని భాష మాకు బాగా తెలుసు.

రవాణా నిర్ణయాన్ని రవాణా నిర్ణయంగా మాత్రమే చూడకూడదని మేము అనేది ఇందుకే. పొద్దున ఏడు గంటల ట్రిప్పు ఒకటి తీసెయ్యాలా వద్దా అని ఒక గదిలో ముగ్గురు మాట్లాడుకుంటారు. డీజిల్ లెక్క, డ్రైవర్ల లెక్క చూస్తారు. తమ ముందున్నది ఒక తెలుగు తరగతి బతుకు అని వాళ్ళకు తెలియదు. తెలియదని వాళ్ళను నిందించలేం, చెప్పినవాళ్ళు లేరు.

చెప్పేవాళ్ళు ఎందుకు లేరు? దానికీ కారణం ఉంది. 2022 మార్చిలో కార్పొరేషన్ గడువు ముగిసింది. ఆ తర్వాత దాదాపు నాలుగేళ్ళు ఎన్నికైన సభ లేదు, ప్రశాసకుడి పాలన. జిల్లా పరిషత్‌దీ 2022 నుంచి అదే కథ. కార్పొరేటర్ ఉన్న రోజుల్లో, ఎంత పనికిమాలినవాడైనా, పొద్దున ఆయన గుమ్మం ముందు నలుగురు తల్లులు నిలబడితే ఫోనైనా చేసేవాడు. ప్రశాసకుడి గుమ్మం ముందు సెక్యూరిటీ ఉంటాడు. రాష్ట్రంలోని 29 కార్పొరేషన్లకు 2026 జనవరి 15న ఎన్నికలు జరిగాయి. మళ్ళీ సభ వచ్చింది. తూర్పు భాగం నుంచి మన ఇంటిపేర్లవాళ్ళు సభలో ఉండటం షోలాపూర్‌లో కొత్త కాదు. ప్రచారంలో వాళ్ళు తెలుగులో మాట్లాడారు. సభలో ఏ భాషలో మాట్లాడినా సరే, ఈ విషయం మాట్లాడితే చాలు.

రాష్ట్రం స్థాయిలో జరుగుతున్నదీ చూడాలి. 2023 సెప్టెంబరులో విద్యాశాఖ 'సమూహ్ శాళా' ప్రతిపాదనలు పంపమని జిల్లాలను అడిగింది. 20 మంది కంటే తక్కువ పిల్లలున్న బళ్ళు రాష్ట్రంలో 14,783 ఉన్నాయని, వాటిలో సుమారు లక్షా 85 వేల మంది చదువుతున్నారని అప్పటి లెక్క. వాళ్ళను పెద్ద బడికి చేర్చి బస్సు ఇస్తామన్నది ఆలోచన. పుణె జిల్లా పాన్‌శేత్, నందుర్‌బార్ జిల్లా తోరణ్‌మాళ్ నమూనాలుగా చూపారు. ఉపాధ్యాయ సంఘాలు గట్టిగా ఎదిరించాయి. బళ్ళు మూయబోమని ప్రభుత్వం చెప్పింది. తర్వాత 2024 మార్చి 15న సంచ్‌మాన్యత, అంటే ఎంతమంది పిల్లలకు ఎన్ని పోస్టులు అన్న కొత్త నిర్ణయం వచ్చింది. దానితో చిన్న బళ్ళ పోస్టులకు మళ్ళీ గండం.

మరాఠీ బడి చిన్నదైతే పక్క ఊరి మరాఠీ బడిలో కలుస్తుంది. దూరం పెరుగుతుంది, భాష మారదు. తెలుగు బడి చిన్నదైతే దేనిలో కలపాలి? పక్కనే ఇంకో తెలుగు బడి ఉండదు. పిల్లలు మరాఠీ తరగతిలో కూర్చుంటారు, అదీ బస్సు ఎక్కి. మరాఠీ మీద మాకు కోపం లేదు. 2020 చట్టం ప్రకారం అన్ని బళ్ళలోనూ మరాఠీ నేర్పాల్సిందే, మన పిల్లలు నేర్చుకుంటున్నారు, మాకంటే బాగా మాట్లాడతారు. మా అభ్యంతరమల్లా ఒకటే. కలపడానికి బస్సు దొరుకుతుంది, నిలబెట్టడానికి మాత్రం దొరకదా?

పక్క రాష్ట్రాల మనవాళ్ళ సంగతి చూస్తే కొంత పాఠం ఉంది. తమిళనాడులో ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్ళ పిల్లలకు పన్నెండో తరగతి దాకా ప్రభుత్వ బస్సుల్లో ఉచిత పాస్. హోసూరు వైపు తెలుగు పిల్లవాడికి దగ్గరి బడి వదిలి దూరం ఎందుకు వెళ్తున్నావని కండక్టరు అడగడు. అక్కడి కష్టం వేరు. 2006 తమిళ అభ్యసన చట్టం, దానితో మాతృభాష పరీక్షకు వచ్చిన తిప్పలు వాళ్ళవి. కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం. బళ్ళారి, కోలారు ఆడపిల్లలు రాష్ట్రంలో సాధారణ బస్సు ఎక్కి ఎక్కడికైనా వెళ్ళొచ్చు, టికెట్ లేదు. మగపిల్లవాడికి పాస్ కావాలి. ఈ రెండు చోట్లా సౌకర్యం మనిషికి ఇచ్చారు. మన దగ్గర దూరానికి ఇచ్చారు. తేడా అంతా అక్కడే.

అలాగని మహారాష్ట్రలో ఏమీ లేదనడం అన్యాయం. ఎస్టీ బస్సులో విద్యార్థుల నెల పాస్‌కు మూడింట రెండొంతుల రాయితీ ఉంది. అహిల్యాబాయి హోళ్కర్ పేరిట 5 నుంచి 12 తరగతుల పల్లెటూరి ఆడపిల్లలకు ఎస్టీలో ఉచిత పాస్ ఉంది. 2023 మార్చి 17 నుంచి ఆడవాళ్ళందరికీ సగం టికెట్. కుంభారి కాగితం మీద పల్లెటూరే. కాబట్టి ఐదో తరగతి దాటిన ఆడపిల్లల తల్లులు ఈ పాస్ కోసం బడిలో గట్టిగా అడగాలి. కార్పొరేషన్ హద్దులో లేకపోవడం వల్ల మనకు నష్టమే కాదు, ఈ ఒక్క లాభమూ ఉంది. కాకపోతే అది ఎస్టీకే చెల్లుతుంది, సిటీ బస్సుకు చెల్లదు. ఒకటి నుంచి నాలుగు తరగతుల చిన్నపిల్లలకు అదీ లేదు. మాతృభాష అవసరం ఎక్కువగా ఉండేది ఆ వయసులోనే కదా.

ఇక పసుపు బస్సు గురించి. ఇంగ్లీషు మీడియం బళ్ళ బస్సులు కాలనీ గేటు దాకా వస్తాయి. పొద్దున ఏడున్నరకు హారన్ కొడతాయి. మేము చాలామంది తండ్రులను అడిగాం, ఆ బడిలో ఎందుకు వేశారని. ఇంగ్లీషు కోసం అనే జవాబు వస్తుందనుకున్నాం. సగం మంది చెప్పింది, 'బస్సు ఇంటి ముందుకు వస్తది' అని. ఫీజు కోసం అప్పు చేశారు, కానీ తల్లికి పొద్దున మూడు గంటలు మిగిలాయి. వాళ్ళు భాషను వదిలారని మనం వేదికల మీద వాపోతాం. వాళ్ళు వదిలింది భాషను కాదు, ఆ మూడు గంటల తిప్పటను.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. మా కమిటీలో పదకొండు మందిమి. మా మనవళ్ళు, మనవరాళ్ళలో తెలుగు బడికి వెళ్తున్నవారు ఒక్కరూ లేరు. ఉగాది సభకు షామియానా ఎంతలో వస్తుంది, ముఖ్య అతిథిని హైదరాబాదు నుంచి పిలవాలా వద్దా అని నాలుగు సమావేశాలు పెట్టుకున్న సంవత్సరాలున్నాయి. పాత మినిట్స్ పుస్తకాలు తిరగేశాం. 'బస్సు' అన్న మాట ఒకే ఒక్క చోట కనిపించింది. అది తిరుపతి యాత్ర బస్సు.

ఆఫీసుల పక్షం కూడా వినాలి. ఒక అధికారి మాతో చెప్పిన మాట, మర్యాదగానే చెప్పాడు. ఆరుగురు పిల్లల కోసం బస్సు నడిపితే రేపు ఆడిట్‌లో నన్ను అడుగుతారు, మీరు జవాబు చెబుతారా అని. నిజమే. సిటీ రవాణా విభాగం ఎంత చిక్కిపోయిందో ఊళ్ళో అందరికీ తెలుసు. కేంద్రం 2023లో ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవా పథకంలో షోలాపూర్ పేరూ ఉంది. ఆ కరెంటు బస్సులు రోడ్డెక్కితే పరిస్థితి కొంత మారుతుంది. కానీ ఏ రూట్లలో, ఏ వేళల్లో తిప్పాలి అన్నది బస్సులు వచ్చాక అడిగితే ఆలస్యమే. రూట్లు గీసే రోజుల్లోనే బడి వేళల కాగితం వాళ్ళ బల్ల మీద ఉండాలి. ఆరుగురికి బస్సు అని మనం అడగక్కర్లేదు. ఉన్న బస్సును ఇరవై నిమిషాలు ముందుకు జరపమని అడగొచ్చు. భత్యం అడగొచ్చు. నలుగురైదుగురు చిన్నపిల్లలకు కలిపి తోడు వెళ్ళే మనిషిని అడగొచ్చు, సమగ్ర శిక్షాలో ఎస్కార్ట్ అన్న మాట కూడా ఉంది.

ఆటోల సంగతి చెప్పకుండా వదలలేం. మూడు సీట్ల ఆటోలో ఎనిమిది మంది పిల్లలు, డ్రైవర్ పక్కన ఇద్దరు, బయట వేలాడే సంచులు. పోలీసులు అప్పుడప్పుడు పట్టుకుంటారు, జరిమానా వేస్తారు. ఆ జరిమానా మరుసటి నెల కిరాయిలో కలుస్తుంది. మహారాష్ట్రలో 2011 నుంచి స్కూలు బస్సుల నియమాలు ఉన్నాయి. వాటి ప్రకారం ప్రతి బడిలో రవాణా సమితి ఉండాలి. హెడ్మాస్టరు అధ్యక్షుడు. తల్లిదండ్రుల ప్రతినిధి, పోలీసు, ఆర్‌టీవో, విద్యాశాఖల మనుషులు, స్థానిక సంస్థ ప్రతినిధి సభ్యులు. ఐదు ఆఫీసులు అని పైన అన్నాం కదా, వాటిలో ఎక్కువ భాగం ఒకే బల్ల చుట్టూ కూర్చునే చోటు ఇదొక్కటే. మీ పిల్లల బడిలో ఈ సమితి ఎప్పుడు కూర్చుందో అడిగి చూడండి. మేము అడిగిన చోట హెడ్మాస్టరు 'ఏ సమితి?' అన్నాడు.

మా కమిటీలో ఒక విషయం మీద ఇంకా తేలలేదు. మాలో కొందరి వాదన, పిల్లలను బడికి మోసే బదులు బడినే పిల్లల దగ్గరకు తీసుకెళ్ళాలి, కొత్త కాలనీల దగ్గర తెలుగు తరగతి అడగాలి, 10–40 లెక్క అక్కడ సరిపోతుంది అని. పాత పేటవాళ్ళు ఒప్పుకోరు. ఇక్కడి బడి ఎత్తేస్తే ఇక్కడ మిగిలిన పదిమంది ఏం కావాలి, పైగా పంచాయతీ ఊళ్ళో తెలుగు తరగతి జిల్లా పరిషత్ ఎప్పటికి ఇస్తుంది అంటారు. ఇద్దరి మాటలోనూ పస ఉంది. మా సొంత అభిప్రాయం, ఒకటి నుంచి నాలుగు దాకా తరగతి ఇంటి దగ్గరే ఉండాలి, ఆ పైన పాత బడికి బస్సు ఉండాలి. ఆరేళ్ళ పిల్లను రోజూ అంత దూరం తిప్పడం, బస్సు ఉన్నా సరే, మంచిది కాదు. అయితే తరగతి వచ్చేదాకా బస్సు అడగడం ఆపకూడదు. ఒకటి అడిగితే రెండోది చూపించి తప్పుకోవడం ఆఫీసుల అలవాటు.

జూన్ నడిమికి బళ్ళు తెరుస్తారు. ఈలోపు మేము చేస్తున్న పని ఇది. ఏయే వస్తీలను రవాణా భత్యానికి గుర్తించారు, ఏ కొలతతో గుర్తించారు, ఆ కొలతలో బోధన భాషను చూశారా లేదా అని సమాచార హక్కు కింద రెండు దరఖాస్తులు, జిల్లా పరిషత్‌కు ఒకటి, కార్పొరేషన్‌కు ఒకటి. జవాబుకు 30 రోజుల గడువు. 'మాకు సంబంధం లేదు' అని ఒకరు మరొకరికి పంపినా, ఆ పంపిన కాగితమే మనకు పనికొస్తుంది. దానితోపాటు ఇల్లిల్లూ తిరిగి ఒక జాబితా. పిల్ల పేరు, తరగతి, ఇంటి నుంచి తెలుగు బడికి దూరం, పొద్దున ఎన్నింటికి బయలుదేరాలి, తోడు ఎవరు వెళ్తున్నారు. కొత్త కార్పొరేటర్ల చేతిలో పెట్టేది ఆ జాబితానే, వినతిపత్రం కాదు. వినతిపత్రాలకు ఫొటో తీసుకుంటారు, జాబితాకు జవాబు చెప్పాలి.

దాఖలా అర్జీల విషయంలో కూడా ఒక మార్పు చేశాం. 'కారణం' గడిలో ఇకపై 'ఇల్లు మారినం' అని మాత్రమే రాయం. 'ఇల్లు మారినందున, తెలుగు మాధ్యమ పాఠశాలకు రవాణా సౌకర్యం లేనందున' అని రాస్తున్నాం. ఒక బడి గుమాస్తా అంత పొడుగు గడిలో పట్టదన్నాడు. చిన్న అక్షరాలతో రాసి చూపించాం, పట్టింది.

మే నెల ఆదివారాలన్నీ పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఆఫీసు తెరిచే ఉంటుంది. రేషన్ కార్డు, పిల్ల నిరుటి ఫలితాల కాగితం, ఇంటి కరెంటు బిల్లు తెచ్చుకోండి. జిరాక్సు ఖర్చు సంఘానిదే. బీడీలు బ్రాంచిలో ఇచ్చి వచ్చే అక్కచెల్లెళ్ళు ఆలస్యమైనా ఫర్వాలేదు, మూడింటి దాకా ఎవరో ఒకరం ఉంటాం.